క్షీరదముల జన్యుగ్రంథములు – కంప్యూటరు లెక్కలు

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో పొద్దుగూకు వేళకు ఆవు, బర్రె, మేక, గొర్రె ఒకే బాటన ఇల్లు చేరును. నాలుగును గడ్డి మేయును, నెమరు వేయును, పాలిచ్చును. ఇవి దగ్గరి బంధువులని చెప్పుటకు శాస్త్రజ్ఞుడు అక్కరలేదు. ఎంత దగ్గర? ఎవరు ఎవరి నుండి ఎప్పుడు వేరుపడిరి? వేరుపడిన తరువాత ఏ జంతువు శరీరకణములలో ఏమి మారినది? ఈ ప్రశ్నలకు జవాబులు నేడు పశువైద్యశాలలో కంటె గణితశాస్త్రపు గదిలో ఎక్కువగా లభించుచున్నవి. ఆ లెక్క ఎట్లు జరుగునో చూతము.

దాదాపు ప్రతి జంతుకణములోను కేంద్రకమున్నది. కణము విభజన చెందునపుడు కేంద్రకములోని పదార్థము చిన్న చిన్న కడ్డీలుగా సూక్ష్మదర్శినిలో కనబడును. వీటినే క్రోమోసోములందురు. ఆవునకు 60, మేకకు 60, గొర్రెకు 54, మన బర్రెకు 50. మనుష్యునకు 46. ఈ సంఖ్యలు చూడగానే విద్యార్థికి కలుగు మొదటి అనుమానము, ఎక్కువ క్రోమోసోములున్న జంతువు ఎక్కువ అభివృద్ధి చెందినదేమో అని. అట్లయినచో మేక మనకన్న గొప్పది కావలెను. సంఖ్యకును తెలివికిని సంబంధము లేదు. పుస్తకము నాలుగు సంపుటములుగా కుట్టినను రెండుగా కుట్టినను లోపలి మాటలు అవియే గదా.

ఈ కుట్టు సంగతిని కాగితము మీద పరీక్షింపవచ్చును. క్రోమోసోమునకు సెంట్రోమియరు అను నడుము ఒకటి ఉండును. ఆవులో లైంగిక క్రోమోసోముల జతను విడిచినచో మిగిలిన 29 జతలలోను నడుము ఒక కొసననే ఉండును. అనగా ఒక్కొక్క దానికి ఒకే చేయి ఉన్నదనవచ్చును. మొత్తము 58 చేతులు. బర్రెలో ఐదు జతలకు నడుము మధ్యభాగమున ఉండి అటొకటి ఇటొకటి రెండు చేతులున్నవి. ఆ ఐదు జతలలో 20 చేతులు, మిగిలిన 19 జతలలో 38 చేతులు, వెరసి 58. గొర్రెలో రెండు చేతులవి మూడు జతలు. వాటిలో 12, తక్కిన 23 జతలలో 46, వెరసి మరల 58. కనుక చేతులు పోలేదు, క్రొత్తగా పుట్టలేదు. రెండేసి పుల్లలు నడుముల వద్ద అతుకుకొన్నవి, అంతియే. బర్రెలో ఐదు అతుకులు, గొర్రెలో మూడు. ఉపాధ్యాయులు ఈ లెక్కను అగ్గిపుల్లలతో తరగతిలో చేయించవచ్చును.

అయితే సూక్ష్మదర్శిని ఇంతవరకే తోడు వచ్చును. ఆవునకును మేకకును సంఖ్య సమానము, ఆకారములును దాదాపు సమానము. అయినను ఆవు 9వ క్రోమోసోములో నడుమునకు సమీపమున ఉన్న ఒక తునక మేకలో 14వ క్రోమోసోము మీద కనబడును. ఇటువంటి సూక్ష్మమైన మార్పులన్నిటిని పట్టవలెనన్న కడ్డీలను చూచుట చాలదు. వాటిలోని వ్రాతను చదువవలెను.

ఆ వ్రాతకు నాలుగే అక్షరములు: ఏ, సి, జి, టి. డి.ఎన్.ఏ. అను పొడవైన అణువులో ఈ నాలుగు మూలపదార్థములు వరుసగా పేర్చబడి ఉండును. ఒక జంతువు యొక్క పూర్తి వరుసను జినోము అందురు. ఆవు జినోములో సుమారు 270 కోట్ల అక్షరములున్నవి. పుటకు రెండువేల చొప్పున అచ్చువేసినచో పదమూడున్నర లక్షల పుటలగును. మూడువందల పుటల పుస్తకములుగా కుట్టినచో 4,500 పుస్తకములు. మనుష్యుని జినోము చిత్తుప్రతి 2001లోను, ఆవు జినోము 2009లోను ప్రకటితమైనవి. తరువాత మేక, గొర్రె, బర్రెలవి వచ్చినవి. 2020లో జూనోమియా అను అంతర్జాతీయ ప్రయత్నము 240 క్షీరదజాతుల జినోములను ఒకచో చేర్చి పోల్చుటకు వీలు కల్పించినది.

యంత్రము ఈ వరుసను ఆ కొస నుండి ఈ కొస వరకు ఒక్క బిగిన చదువలేదు. తునకలుగా చదువును. ఒక పుస్తకపు ప్రతులు అనేకము తెచ్చి, ఒక్కొక్క దానిని వేర్వేరు చోట్ల చింపి కలిపివేసినట్లు ఊహింపుడు. ఒక చీటి చివరి మాటలును మరియొక చీటి మొదటి మాటలును ఒకటియైనచో ఆ రెండును పక్కపక్కవి. ఇట్లు కంప్యూటరు చీటీలను అతికించుకొని పోవును. చిక్కెక్కడ అనగా, జినోములో ఒకే వాక్యము వేలసార్లు మరల మరల వచ్చు తావులున్నవి. అక్కడ ఏ చీటి ఎక్కడిదో తెలియదు. ఈ చిక్కు తీర్చుటకు ఇటీవల మరియొక ఉపాయము వాడుచున్నారు. కేంద్రకములో ఉండచుట్టుకొని ఉన్న డి.ఎన్.ఏ.లో ఒకదానికొకటి తగులుచున్న భాగములను రసాయనముతో అంటించి, ఏ భాగము ఏ భాగముతో ఎన్నిసార్లు తగిలినదో లెక్కింతురు. ఒకే క్రోమోసోములో సమీపమున ఉన్నవి ఎక్కువసార్లు తగులును. ఆ లెక్కను బట్టి చీటీల వరుస నిర్ణయమగును.

రెండు జినోములు చేతికి వచ్చిన పిమ్మట అసలు పోలిక మొదలగును. 1970లో నీడిల్‌మన్, వున్ష్ అను ఇద్దరు దీనికొక పట్టిక పద్ధతిని ప్రకటించిరి. ఒక వరుసను పట్టిక పైభాగమునను, రెండవదానిని ఎడమ ప్రక్కను వ్రాసి, గడి గడికి అక్షరములు కలిసినచో మార్కులిచ్చుచు, కలియనిచో తగ్గించుచు, ఒక అక్షరము లోపించినచో మరికొంత తగ్గించుచు పోవుదురు. చివరకు ఎక్కువ మార్కులు వచ్చు దారియే మంచి పోలిక. పది అక్షరముల పదములకు విద్యార్థులు దీనిని చేతితో చేయగలరు. కాని ఆవును మేకను పూర్తిగా ఇట్లు పోల్చబోయినచో 270 కోట్లను అంత సంఖ్యతో గుణింపవలెను. గడులు 729 ప్రక్కన పదహారు సున్నలంత అగును. అందుచేత ముందుగా రెండు వరుసలలోను అచ్చముగా కలియు చిన్న పదములను వెదకి, వాటిని గుంజలుగా పాతి, గుంజకు గుంజకు మధ్యనున్న చోటును మాత్రమే శ్రద్ధగా పోల్చు పద్ధతి ఏర్పడినది. 1990లో వచ్చిన బ్లాస్ట్ అను కార్యక్రమము ఈ త్రోవనే నడచినది.

ఇట్లు పోల్చగా రెండు జంతువులలోను ఒకే క్రమములో నడచు పొడవైన ఖండములు బయటపడును. ఇక అక్షరములను మరచిపోవచ్చును. ఖండములకు 1, 2, 3 అని అంకెలు వేసిన చాలును.

కాజీపేట – బల్లార్షా రైలుమార్గము మీద రామగుండము, మంచిర్యాల ప్రాంతములలో బొగ్గు పెట్టెల బండ్లను చూడని విద్యార్థి ఉండడు. ఒక బండికి 1, 2, 3, 4, 5 అని పెట్టెలున్నవనుకొందము. 2, 3, 4 పెట్టెలను ఒక కట్టుగా విప్పి, వెనుక ముందులుగా త్రిప్పి మరల తగిలించిరి. ఇప్పుడు వరుస 1, 4, 3, 2, 5. అంతేకాదు, ఆ మూడు పెట్టెల ముఖములును వెనుకకు తిరిగినవి. క్రోమోసోములోను ఇట్లే ఒక భాగము రెండు చోట్ల తెగి తలక్రిందులుగా అతుకుకొనవచ్చును. దీనిని విలోమము అందురు. ఒక జంతువు వరుస నుండి మరియొక జంతువు వరుసకు చేరుటకు కనీసము ఎన్ని విలోమములు కావలెను? చూచుటకు పిల్లల ఆటవలె నున్నది.

3, 1, 2 అను వరుసను 1, 2, 3గా మార్చవలెననుకొందము. 3, 1లను త్రిప్పిన 1, 3, 2. తరువాత 3, 2లను త్రిప్పిన 1, 2, 3. రెండు త్రిప్పులతో పని అయినది. కాని పెట్టెల ముఖములను కూడ లెక్కలోనికి తీసికొని, మొదటను చివరను అన్నియు ముందునకే చూచుచుండవలెననినచో రెండు చాలవు. బండి మొత్తమును త్రిప్పవలెను, పిమ్మట 2, 1లను త్రిప్పవలెను, చివరకు 3ను ఒక్కదానిని త్రిప్పవలెను. మూడు త్రిప్పులు. కాగితముపై చేసి చూడుడు. పది పెట్టెలు మాత్రమే ఉన్నను ముఖములతో సహా వరుసలు 371,58,91,200 విధములుగా ఏర్పడును. అన్నిటిని ప్రయత్నించి చూచుట కంప్యూటరుకైనను పని కాదు, ఏలయన నిజమైన జంతువులలో ఖండములు వందలలో ఉండును.

1995లో శ్రీధర్ హన్నెన్‌హల్లి, పావెల్ పెవ్‌జ్నర్ అనువారు ముఖములు తెలిసిన వరుసలకు కనీసపు త్రిప్పుల సంఖ్యను త్వరగా లెక్కించు సూత్రమును కనుగొనిరి. ముఖములు తెలియనిచో ఇదే లెక్క మిక్కిలి కఠినమైనదని 1997లో కప్రారా నిరూపించెను. ఎక్కువ సమాచారము ఇచ్చినచో లెక్క క్లిష్టమగునని మనమనుకొందుము. ఇచ్చట అందులకు విరుద్ధముగా సులభమైనది. ఈ సంగతి నాకు ఎన్నిసార్లు తలచుకొన్నను ముచ్చటగానే తోచును. 2005లో విలోమములను, అతుకులను, చీలికలను అన్నిటిని ఒకే విధమైన పనిగా, అనగా రెండు చోట్ల కోసి మరల కలుపుటగా భావించు పద్ధతి వచ్చి లెక్కను ఇంకను తేలిక చేసినది.

కనీసపు సంఖ్య వచ్చినంత మాత్రమున ప్రకృతి ఆ దారినే నడచినదని నమ్మరాదు. అడవిలో అడ్డదారి ఉన్నను మనుష్యులు చుట్టు తిరిగి పోవుట లేదా? పైగా చీటీలు అతికించుటలో కంప్యూటరు పొరబడిన చోటు కూడ చూచువారికి విలోమమువలెనే కనబడును. కనుక జాగ్రత్తగల పరిశోధకులు లెక్కలో తేలిన మార్పును సూక్ష్మదర్శినిలో మరల చూచి గాని ఒప్పుకొనరు.

మరియొక చిక్కు దిక్కునకు సంబంధించినది. ఆవులో విడిగా, బర్రెలో అతుకుకొని ఉన్నవి కదా. పూర్వము విడిగా నుండి బర్రెలో అతుకుకొన్నవా? లేక పూర్వము కలిసియుండి ఆవులో చీలినవా? ఇద్దరన్నదమ్ములు చెరియొక మాట చెప్పినపుడు మేనమామను అడుగుదురు. ఇచ్చట మేనమామ మేక. మేకలో విడిగానే ఉన్నవి. ఇంతకన్న బలమైన సాక్ష్యము గొర్రె ఇచ్చును. ఆవు 1వ క్రోమోసోము బర్రెలో 27వ దానితో అతుకుకొన్నది. అదే క్రోమోసోము గొర్రెలో 3వ దానితో అతుకుకొన్నది. ఆవు 2వది బర్రెలో 23వ దానితో, గొర్రెలో 8వ దానితో. జోడీలు వేరగుటచే ఈ పెండ్లిండ్లు రెండు ఇండ్లలో వేరువేరుగా జరిగినవని తేలుచున్నది. మునుపు అందరికిని విడిగానే ఉండెడివి.

ఇక మంద నుండి అడవికి పోదము. గోదావరికి ఉత్తరమున జన్నారము వైపున కవ్వాల అభయారణ్యమున్నది. 1965లో అభయారణ్యముగా ఏర్పడి 2012లో పులుల సంరక్షణ కేంద్రమైనది. 2016లో పాత ఆదిలాబాదు జిల్లా నాలుగైన పిమ్మట ఈ అడవి ఆ జిల్లాలలోనే పరచుకొని ఉన్నది. ఈ అడవిలో కుక్క మొరిగినట్లు అరచు చిన్న జింక ఒకటి కలదు. 1867లో వెలువడిన భారతదేశపు క్షీరదముల గ్రంథములో జెర్డన్ దీనికి తెలుగు పేరు 'కూకగొరి' అని వ్రాసెను. కుక్కగొర్రె యను మాటనే ఆయన చెవి అట్లు విన్నదని తోచును. గోండులు మగదానిని గుత్ర అనియు ఆడదానిని గుత్రి అనియు అందురని కూడ వ్రాసియున్నాడు. పులి దగ్గరకు వచ్చినపుడు ఇది ఎడతెగక మొరుగును.

ఈ కుక్కగొర్రె క్షీరదములలో ఒక వింత. 1970లో డోరిస్ వుర్‌స్టర్, కుర్ట్ బెనిర్ష్కె అనువారు దీని కణములను పరీక్షించి ఆడదానికి 6 క్రోమోసోములు, మగదానికి 7 మాత్రమే ఉన్నవని ప్రకటించిరి. ఇంత తక్కువ సంఖ్య మరి ఏ క్షీరదమునందును కనబడలేదు. చీనాదేశములోని దీని దాయాదికి 46 ఉన్నవి. రెండును చూచుటకు ఇంచుమించు ఒకే తీరు. మగదానికి బేసి సంఖ్య ఎట్లు వచ్చెను? ఎక్స్ క్రోమోసోము మరియొక సాధారణ క్రోమోసోముతో అతుకుకొనిపోయినది. ఆడదానికి అటువంటివి రెండుండుటచే లెక్క సరిపోవును. మగదానికి అట్టిది ఒకటే. దానిలోని సాధారణభాగమునకు జతగా విడి క్రోమోసోము ఒకటి, వై మరియొకటి ఉండవలెను. మిగిలిన రెండు జతలతో కలిపి ఏడు.

జింకల వంశమునకు మూలపురుషునిలో 70 క్రోమోసోములు, అనగా 35 జతలు ఉండెడివని లెక్కలవలన తేలినది. 35 జతలు 3 జతలగుటకు కనీసము 32 అతుకులు పడవలెను. కొస కొసతోను, కొస నడుముతోను కలిసి పొడవైన గొలుసు లేర్పడినవి. 1990 దశకములో క్రోమోసోములకు రంగులు పూసి ఏ తునక ఎక్కడిదో గుర్తించు పద్ధతితో ఈ ఊహకు బలము చేకూరినది. 2020లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారు మన జాతి, చీనాజాతి రెంటి జినోములను కొస నుండి కొస వరకు పేర్చి ఆవుతోను, ఇతర జింకలతోను పోల్చిరి. ఖండముల లోపలి క్రమము ఆశ్చర్యకరముగా చెక్కుచెదరక ఉన్నది. ఈ రెండు జాతులును విడిపోయి సుమారు 50 లక్షల సంవత్సరములే అయినది. పరిణామకాలములో అది రెప్పపాటు. ఆ కొద్దికాలములోనే గ్రంథమును కుట్టిన తీరు ఇంతగా మారెను. మరియొక విశేషము: జింకల వంశములో వెనుకటి కాలమున చీలిన ఒక క్రోమోసోము కుక్కగొర్రెలో మరల అతుకుకొని మొదటి రూపమునకు వచ్చినది. సంఖ్యలు మాత్రమే చూచువారికి ఈ చీలికయు, మరల అతుకుటయు రెండును కనబడవు.

ఇటువంటి అతుకు మన వంశములోను ఒకటి కలదు. చింపాంజీకి 48, మనకు 46. మన 2వ క్రోమోసోము మధ్యలో, మామూలుగా కొసలయందు మాత్రమే ఉండవలసిన టెలోమియరు అక్షరములు ఎదురెదురుగా తల తలకు తగిలియున్నట్లు 1991లో కనుగొనిరి. రెండు క్రోమోసోములు కలిసిన కుట్టు గుర్తు అది.

ఇదంతయు పండితుల వినోదమని పాడిరైతు అనవచ్చును. కాని ఇది ఆయన కొట్టములోనికి కూడ వచ్చును. 1964లో స్వీడన్ దేశములో గుస్తావ్సన్, రాక్‌బోర్న్ అనువారు కొన్ని పశువులలో 1వ, 29వ క్రోమోసోములు అతుకుకొని ఉన్నట్లు గుర్తించిరి. అట్టి పశువునకు 60కి మారు 59 ఉండును. అది ఆరోగ్యముగానే ఉండును, బలముగానే పెరుగును. బీజకణములు ఏర్పడునపుడు మాత్రము చిక్కు. అతుకుకొన్న క్రోమోసోమును, విడిగా ఉన్న రెంటిని సరిగా పంచుట కష్టము. కొన్ని బీజకణములకు ఒకటి తక్కువయో ఎక్కువయో అగును. అట్టి పిండము మొదటనే నశించును. రైతునకు కనబడునది ఒక్కటే: ఆవు చూడి నిలువక మరల ఎదకు వచ్చినది. ప్రతి తప్పిన ఎదకు మూడు వారములు పోవును, మేత ఖర్చు ఆగదు.

పూర్వము ఒక ఆంబోతు వలన నష్టము ఒక ఊరికే పరిమితము. నేడు ఘనీకృత వీర్యముతో ఒక్క ఆంబోతు దూడలు వేల ఇండ్లలో పుట్టవచ్చును. కరీంనగరములోనే ప్రభుత్వ పశుగణాభివృద్ధి సంస్థ వారి వీర్యకేంద్రమున్నది. ఇటువంటి కేంద్రములకు ఆంబోతులను, దున్నపోతులను ఎన్నుకొనునపుడు క్రోమోసోముల పరీక్ష చేయించుట దేశములో నియమముగా ఏర్పడినది. బర్రెలలోను ఇదే జాగ్రత్త అవసరము. మన బర్రెకు 50 ఉండగా అస్సాము మొదలగు ఈశాన్య ప్రాంతములలోను, తూర్పు ఆసియాలోను ఉండు బురదబర్రెకు 48. 4వ, 9వ క్రోమోసోములు అందులో ఒకటైనవి. రెంటిని సంకరము చేసినచో దూడకు 49 ఉండును. పాడికి మేలైనను వాటి సంతానోత్పత్తిలో కొంత లోపము ఏర్పడుచున్నది.

అడవికి సంబంధించిన ఉపయోగము వేరొకటి. తోలు, తల తీసివేసిన మాంసపు ముక్క మేకదో, దుప్పిదో, కుక్కగొర్రెదో కంటితో చెప్పుట అసాధ్యము. 2003లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ దీనికొక పద్ధతి ప్రకటించిరి. జంతువులన్నిటిలో దాదాపు మార్పులేని రెండు చిన్న భాగములను ఎంచుకొని, వాటి నడుమ జాతికొక తీరుగా మారు భాగమును చదువుదురు. తరువాత కంప్యూటరులో దాచియుంచిన జాతుల వరుసలతో దానిని పోల్చిన పేరు బయటపడును. ఇందుకు జినోమంతయు అక్కరలేదు, కొన్ని వందల అక్షరములు చాలును. అడవి జంతువును వేటాడి మేకమాంసమని బొంకుట ఇక సాగదు.

చివరకు వెనుకకు, ఇంకను వెనుకకు పోదము. మేనమామను అడుగు ఉపాయమునే మెట్టు మెట్టునను వాడుచు పోయినచో, ఆవు మేకల పూర్వజుడు, అతని పూర్వజుడు, ఇట్లు క్షీరదములన్నిటి మూలపురుషుని జినోము వరకు ఊహింపవచ్చును. 2022లో జోనా దమాస్, హారిస్ లూవిన్ మొదలగువారు క్షీరదముల 26 గణములలో 23 గణములకు చెందిన జినోములను కలిపి ఈ లెక్క కట్టిరి. ఆ మూలజంతువునకు లైంగిక క్రోమోసోములు కాక 19 జతలుండెడివని తేలినది. వాటిలో చిన్నవి తొమ్మిది జతలు పక్షులకు, సరీసృపములకు, మనకు ఉమ్మడి పూర్వజుడైన జంతువులో కూడ ఉండినవేనట. అనగా సుమారు 32 కోట్ల సంవత్సరముల నుండి వచ్చుచున్నవి.

ఆ తొలి క్షీరదముల ఆనవాళ్లు మన ప్రాంతములోనే ఉన్నవి. ప్రాణహిత – గోదావరి లోయలోని కోట శిలాస్తరములు జురాసిక్ యుగమునాటివి. యామనపల్లి వద్ద వీటిలో దొరికిన కోటసారస్ అను రాక్షసబల్లి అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో అనేకులు చూచియే ఉందురు. పిల్లలందరును దాని ముందు ఆగుదురు, ఆగవలసినదే. కాని అవే శిలలలో కొద్ది మిల్లీమీటర్లు మించని చిన్న పండ్లు కూడ దొరికినవి. అవి ఎలుకంతటి క్షీరదములవి. 1981లో దత్తా వర్ణించిన కోటథీరియము మన దేశములో దొరికిన మొదటి జురాసిక్ క్షీరదము. తరువాత భూగర్భ సర్వే శాస్త్రజ్ఞుడు పి. యాదగిరి మరికొన్నిటిని వర్ణించెను. వాటిలో ఒకదానికి పాత ఆదిలాబాదు జిల్లాలోని పైకాసిగూడెము పేరు మీదుగా నకునోడాన్ పైకాసియెన్సిస్ అని నామకరణము చేసిరి.

ఈ పండ్లలో డి.ఎన్.ఏ. మిగులలేదు. ఇంతవరకు చదువగలిగిన అతి పురాతనమైన డి.ఎన్.ఏ. గ్రీన్‌లాండు మట్టిలోనిది, దాని వయస్సు సుమారు 20 లక్షల సంవత్సరములు. పైకాసిగూడెపు జంతువు అంతకన్న ఎన్నో రెట్లు పాతది. అది ఏమి తినెడిదో, ఎట్లు నమిలెడిదో పన్ను చెప్పును. దాని కాలపు క్షీరదముల కణములలో కడ్డీలు ఎన్ని, ఏ వరుసలో ఉండెడివో చెప్పుటకు నేడు బ్రదికియున్న ఆవును, మేకను, కుక్కగొర్రెను, మనుష్యుని ప్రక్కప్రక్కన నిలిపి లెక్క కట్టుట తప్ప వేరు దారి లేదు. ఈ లెక్కలో ఇంకను చేరని గణములు మూడున్నవి. అవి చేరిన పిమ్మట 19 అను సంఖ్య నిలుచునో మారునో చూడవలెను.